పై అంతస్తు మురికి

చేతిలో తుడిచే గుడ్డ లేకుండా గెర్లిండె హెబర్లెను చూసినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. ష్టుట్‌గార్ట్ కొండవాలున ఉన్న ఆ పాత మేడలో కింది గాజు తలుపు తళతళలాడుతున్నా, మెట్ల పక్క కర్ర కటకటాల మీద మొహం కనిపిస్తున్నా, ఆ పుణ్యం ఆవిడదే. మెట్లు ఊడ్చే వంతు వారానికొక వాటాకి మారుతుంది. వంతు ఎవరిదైతే వాళ్ళ తలుపుకి ఒక చెక్క పలక వేలాడుతుంది. మిగతావాళ్ళకి ఆ పలక కనిపిస్తే తలనొప్పి. గెర్లిండెకి మాత్రం పండగ. జీవితమంతా ఆసుపత్రి లాండ్రీలో పనిచేసిన మనిషి కదా, మరిగే నీళ్ళలో ఒక పొంగు రానిదే ఏదీ శుభ్రమైనట్టు కాదని ఆవిడ గట్టి నమ్మకం.

అలాంటి మనిషి చేతికి ఎదురు వాటా ఓట్‌మార్ రాప్ తన ఇంటి తాళం ఇచ్చాడు. ట్రామ్ నడిపి నడిపి రిటైరైన మనిషాయన. పెళ్ళీ పెటాకులూ లేవు. తుంటి ఎముక మార్పించుకుని, ఆ తర్వాత కొండల్లో ఉన్న విశ్రాంతి ఆసుపత్రిలో నడక నేర్చుకుని గాని ఇంటికి రాడు. అందాకా ఆయన చేపలకి మేత వెయ్యాలి. ఇన్నేళ్ళ ఇరుగుపొరుగైనా ఒకరినొకరు ఫ్రౌ, హెర్ అనే, అంటే శ్రీమతి, శ్రీ అనే పిలుచుకుంటారు.

"రోజూ చిటికెడు, ఫ్రౌ హెబర్లె. చిటికెడంటే చిటికెడే. ఇంకేమీ ముట్టుకోకండి."

"తొట్టి గాజుకి లోపలివైపు గోధుమరంగు పట్టింది కదా, హెర్ రాప్?"

"పట్టనివ్వండి."

"అడుగున ఆ చెత్తంతా..."

"ఉండనివ్వండి. అన్నట్టు మర్చిపోయాను. మా ఫ్రిడోలిన్ అప్పుడప్పుడూ పక్కకి ఒరిగి పడుకుంటాడు. చచ్చిపోయాడనుకుని పాదిరిని పిలుచుకొచ్చేరు. వాడి నిద్రే అంత."

ఫ్రిడోలిన్ జానెడు పొడుగు చేప. నారింజరంగు ఒంటి మీద మూడు నల్లటి పట్టీలు, మూతి దగ్గర మీసాలు. ఓట్‌మార్ ట్రామ్ ఉద్యోగంలో చేరిన కొత్తలో వేలెడంత ఉండగా తెచ్చుకున్నాడట. తోడు తెచ్చినవన్నీ ఒక్కొక్కటే పోయాయి, వీడు మిగిలాడు. చుట్టూ నీలం ఎరుపు మెరుపుల చిన్న నియాన్ చేపలు తిరుగుతుంటే, వీడు మాత్రం మధ్యలో ఒక కర్రమొద్దు కింద ఇంటిపెద్దలా కూర్చుని ఉంటాడు. ఓట్‌మార్‌కి ఇంట్లో ఒక మనిషి అంటూ ఉంటే అది వీడే.

తాళం చేతిలో పడ్డప్పుడు గెర్లిండెకి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. దానికి కారణముంది. ఆవిడ భర్త గోట్‌లోబ్ చివరి నెలల్లో ఊరి అవతలి ఆసుపత్రిలో ఉన్నాడు. రెండు బస్సులు మారాలి. మూడోనాడో నాలుగోనాడో ఓట్‌మార్ తన డొక్కు కారు తలుపు తీసి పట్టుకుని, "అటే పోతున్నాను, ఎక్కండి" అన్నాడు. అప్పటినుంచి గోట్‌లోబ్ కన్నుమూసేదాకా ప్రతి సాయంత్రమూ ఆయన అటే పోతూ వచ్చాడు. పైకి వచ్చేవాడు కాదు. కింద కార్లో గళ్ళనుడికట్టు పూరిస్తూ కూర్చునేవాడు. పెట్రోలు డబ్బులిస్తే తీసుకోలేదు, కేకు చేసిస్తే సగం కోసి వెనక్కిచ్చాడు. ఆ మేలు గెర్లిండె గుండెల్లో అలాగే ఉండిపోయింది. ఆ రుణం తీర్చుకునే దారే దొరకలేదు. ఇన్నేళ్ళకి దొరికింది.

అందుకే ఆయన రావడానికి రెండు వారాల ముందు ఆవిడ కొంగు బిగించింది. మన మాటలో చెప్పాలంటే అంతే, ఆవిడ కట్టుకున్నది ఏప్రన్. కిటికీలు తుడిచింది. తెరలు ఉతికి ఇస్త్రీ చేసింది. పొయ్యి గీకింది. ఇక ఆ ఇంట్లో మురికిగా మిగిలింది చేపల తొట్టి ఒక్కటే. ముట్టుకోవద్దన్న మాట గుర్తుంది. కానీ అది మొహమాటానికి అన్న మాట అయ్యుంటుందని తనకి తానే సర్దిచెప్పుకుంది. ఎవరైనా తన చేత ఎక్కువ పని చేయించుకోవడానికి మొహమాటపడతారు, మంచివాళ్ళయితే మరీను.

చేపల్ని బకెట్లోకి పట్టింది. నీళ్ళన్నీ తోడేసింది. గులకరాళ్ళు జల్లెట్లో పోసి వేణ్ణీళ్ళతో కడిగింది. కర్రమొద్దుని బ్రష్షు పెట్టి తోమింది. ఫిల్టర్ విప్పితే లోపల స్పాంజి నల్లగా, జిడ్డుగా, చేతికి అంటుకునేలా వచ్చింది. "అయ్యో పాపం, ఇందులోనుంచా మీరు ఊపిరి తీసుకుంటున్నారు!" అని చేపల మీద జాలిపడి, ఆ స్పాంజిని గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టి మూడు పొంగులు రానిచ్చింది. సబ్బు మాత్రం వాడలేదు. అంత తెలివి ఉంది.

కొత్త నీళ్ళు, తాము తాగే నీళ్ళే, గోరువెచ్చగా చేసి పోసింది. తొట్టి నగల కొట్టు అద్దాల బీరువాలా మెరిసింది. ఫ్రిడోలిన్ మొద్దు కిందికి వెళ్ళి అటూ ఇటూ చూసి కొత్తింట్లో దిగినవాడిలా తెల్లబోయాడు. గెర్లిండె కుర్చీ లాక్కుని కూర్చుని తన పని తానే చూసుకుని మురిసిపోయింది.

రెండు రోజులు తిరక్కుండా నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. నాబోటిగాడైతే అక్కడ ఆగి ఆలోచించేవాడు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు ఆలోచించరు, కడుగుతారు. ఏ మూలో మురికి మిగిలిపోయిందని గెర్లిండె స్పాంజిని మళ్ళీ ఉడికించింది, రాళ్ళు మళ్ళీ కడిగింది. మర్నాడు పొద్దున మేత డబ్బా పట్టుకుని వెళ్తే చేపలన్నీ నీళ్ళ పైకి చేరి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. ఒక నియాన్ ఒక మూల తేలుతోంది, దాని ఎరుపు వెలిసిపోయింది. ఫ్రిడోలిన్ అడుగున పక్కకి ఒరిగి పడున్నాడు.

నిద్రా? నిద్రేనా? ఆవిడ గాజుకి మొహం ఆనించి చూసింది. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. నిద్రలో ఎవరూ అలా ఎగశ్వాస తీయరు. గోట్‌లోబ్ మంచం పక్కన కూర్చున్న మనిషికి ఆ తేడా ఒకరు చెప్పాలా?

జామ్ సీసాలో తొట్టి నీళ్ళు పట్టుకుని చేపల కొట్టుకి పరుగెత్తింది. కొట్లో ఉన్న పిల్లకి ముక్కుకి పోగు, మెడ మీద పచ్చబొట్టు. ఇంకోరోజైతే గెర్లిండె ఆ పోగు గురించే ఆలోచిస్తూ నిలబడేది. ఆ పిల్ల నీళ్ళలో చుక్కలు వేసి ఊపింది. పసుపుపచ్చగా ఉండాల్సింది ముదురాకుపచ్చకి తిరిగింది.

"అమ్మో! నిండా విషమే. ఫిల్టర్ కడిగారా?"

"ఉడికించాను" అంది గెర్లిండె, లాండ్రీలో పై అధికారికి జవాబు చెప్పినట్టు. "రెండుసార్లు."

ఆ పిల్ల నవ్వలేదు. అందుకు గెర్లిండె ఆ తర్వాత చాలా రోజులు ఆమెను తలుచుకుంది. "చూడండి, చేపలు తిన్నదీ విసర్జించిందీ అంతా నీళ్ళలో విషమవుతుంది. దాన్ని తినేసే కంటికి కనబడని జీవాలు ఆ నల్ల జిడ్డులో ఉంటాయి. మీరు వాటిని ఉడికించేశారు. ఇప్పుడు మేత ఆపండి. రోజూ సగం నీళ్ళు మార్చండి. ఆ జీవాల్ని సీసాల్లో కూడా అమ్ముతాం గానీ, అవి కుదురుకునేదాకా మీ చేపలు ఆగేలా లేవు. మీకు తెలిసినవాళ్ళ దగ్గర బాగా పాత తొట్టి ఉందా? అందులో ఫిల్టర్ మురికి కావాలి. ఎంత మురికైతే అంత మంచిది."

ఎంత మురికైతే అంత మంచిది! అరవైలు దాటాక ఈ మాట వినాల్సి వచ్చింది. పైగా ఆ మురికి ఎక్కడ దొరుకుతుందో ఆవిడకి బాగా తెలుసు. పై అంతస్తులో, లెఫ్టేరిస్ కప్సాలిస్ ఇంట్లో. ఓసారి తలుపు తీసి ఉన్నప్పుడు లోపలికి తొంగిచూస్తే, గోడ పొడుగునా ఒక తొట్టి, అందులో అడవి, ఆ అడవిలో ఎక్కడో చేపలు కనిపించాయి. ఆవిడ ముక్కు మూసుకుని కిందికి దిగిపోయింది.

లెఫ్టేరిస్ ఇళ్ళకి గచ్చు పలకలు పరిచే మనిషి. గ్రీకు తల్లిదండ్రులకి ఆ ఊళ్ళోనే పుట్టాడు. పోట్లాడదామన్నా ఆవిడకంటే చిక్కటి ఆ ప్రాంతపు ష్వాబియన్ యాసలోనే తిరిగి అంటించేవాడు. వంతు వస్తే మర్చిపోతాడు, బూట్ల నిండా సిమెంటు పొడితో మెట్లెక్కుతాడు. పోయిన శీతాకాలం గెర్లిండె ఇక ఓర్చుకోలేక ఆ పొడినంతా చేటలోకి ఎత్తి, చేటతో సహా అతని గుమ్మం ముందు పెట్టి తలుపు తట్టింది. "మీ వస్తువేదో మెట్ల మీద పోగొట్టుకున్నారు, హెర్ కప్సాలిస్. ఇదిగో, తెచ్చిచ్చాను" అంది, నలుగురూ వినేలా. చేట అక్కడే వదిలేసి విజయగర్వంతో దిగివచ్చింది. ఆ తర్వాత ఆ చేట అడగడానికి మొహం చెల్లక కొత్తది కొనుక్కుంది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

ఆ గుమ్మమే ఇప్పుడు తొక్కాలి. మెట్లెక్కుతుంటే ఒక్కో మెట్టు మీదా ఆవిడ కాళ్ళు వెనక్కి లాగాయి. తిరిగిపోదామనుకుంది. కింద ఆ గుటకలు గుర్తొచ్చాయి. తలుపు తట్టింది.

లెఫ్టేరిస్ రొట్టెముక్క నములుతూ తలుపు తీశాడు. ఆవిడ్ని చూసి ముందుగా తన బూట్ల వంక చూసుకున్నాడు. "ఈ వారం నా వంతు కాదు" అన్నాడు.

"కాదు, నాదే." ఆవిడ నీళ్ళు నమిలింది. "హెర్ కప్సాలిస్... మీ దగ్గర... కొంచెం మురికి ఉంటుందా?"

అతను నమలడం ఆపాడు. "ఏదీ, మళ్ళీ చెప్పండి."

"విన్నారుగా."

"విన్నాను. మళ్ళీ వినాలనుంది. మా అమ్మకి ఫోన్ చేసి వినిపిస్తాను, ఉండండి."

అప్పుడు గెర్లిండె ఏడ్చింది. గుమ్మంలో నిలబడి, ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని, రెండుసార్లు ఉడికించిందీ, పాలలాంటి నీళ్ళూ, ఆకుపచ్చ చుక్కలూ అన్నీ చెప్పేసింది. "ఆయన ఇంట్లోకి వచ్చేసరికి వాడు ఉండాలి. ఇంకేమీ వద్దు నాకు. మీరేమన్నా పడతాను. ఆ చేప బతకాలి."

లెఫ్టేరిస్ మొహంలో వెటకారం ఎగిరిపోయింది. "ఫ్రిడోలినా? అది ముందు చెప్పరేం! దిగండి దిగండి, వెనకే వస్తున్నా."

అతను వచ్చాడు. ఒక చేతిలో బకెట్, అందులో కొన్ని నాచుమొక్కలు. రెండో చేతిలో, నల్లటి నీళ్ళు కారుతున్న స్పాంజి. ఆ స్పాంజిని దేనిమీద పెట్టి తెచ్చాడనుకున్నారు? గెర్లిండె చేట మీద.

"మీ వస్తువేదో మా గుమ్మంలో పోగొట్టుకున్నారు, ఫ్రౌ హెబర్లె" అన్నాడు. "ఇదిగో, తెచ్చిచ్చాను."

ఏడుపులోనే ఆవిడకి నవ్వొచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

ముందు సగం నీళ్ళు మార్చారు. తర్వాత అతను స్పాంజిని అడ్డంగా కోసి, సగాన్ని ఫిల్టర్లో ఇరికించి, మిగతా సగాన్ని నీళ్ళ మీద పెట్టి పిండాడు. గోధుమరంగు మబ్బు తొట్టంతా కమ్ముకుంది. గెర్లిండె కళ్ళు మూసుకుంది.

"చూడండి పర్లేదు. మందు అనుకోండి."

"అనుకుంటున్నాను. మందు ఇంత కంపు కొట్టదు."

"మీరు మా పెద్దమ్మ కాచే కషాయం తాగలేదు."

ఆ వారమంతా అదే వరస. పనిలోంచి వస్తూనే లెఫ్టేరిస్ బకెట్లు మోసేవాడు, ఆవిడ నడుము వంగనిచ్చేవాడు కాదు. అతనికి పెద్ద పాండిత్యమేమీ లేదు. "నేనేం చేస్తానంటే, ఏమీ చెయ్యను. అదే నా పద్ధతి" అనేవాడు. గెర్లిండె రోజూ జామ్ సీసా పట్టుకుని కొట్టుకెళ్ళి రంగు చూపించి వచ్చేది. సాయంత్రం అతని కోసం పిండి మడతల్లో మాంసం కూరిన మౌల్‌టాషెన్ పులుసులో వేసి ఉంచేది. బకెట్ల నీళ్ళు మెట్ల మీద చిందేవి. సిమెంటు బూట్ల ముద్రలు వాటిలో నాని చక్కగా అచ్చులు పడేవి. వంతు తనదే, పలక తన తలుపు మీదే ఉంది. అయినా తుడిచే గుడ్డ అందుకోలేదు. బూట్లు వస్తున్న చప్పుడు వింటే చాలు, ఆవిడకి ప్రాణం లేచొచ్చేది.

నియాన్లు సగం పోయాయి. మిగిలినవి పైనుంచి కిందికి దిగాయి. సీసాలో చుక్కలు ఆకుపచ్చ నుంచి లేతగా, ఇంకా లేతగా మారుతూ వచ్చాయి. ఫ్రిడోలిన్ మాత్రం మొద్దు వెనక్కి పోయి ఎవరికీ సరిగా మొహం చూపించలేదు.

ఓట్‌మార్ చేతికర్రల మీద ఒక మధ్యాహ్నం దిగాడు. గెర్లిండె గుమ్మంలోనే ఎదురెళ్ళింది. లోపలికి అడుగు పెట్టకముందే చెప్పేయాలని పొద్దుటినుంచీ అనుకుంటూనే ఉంది, చెప్పేసింది. కడిగిందీ, ఉడికించిందీ, చచ్చిపోయినవీ, ఏదీ దాచలేదు. పొద్దున చూసినప్పుడు ఫ్రిడోలిన్ పక్కకి ఒరిగి ఉన్నాడనీ, నిద్రో ఏమిటో దగ్గరికి వెళ్ళి చూసే ధైర్యం తనకి లేకపోయిందనీ కూడా చెప్పింది.

ఓట్‌మార్ చేతికర్రలు సర్దుకున్నాడు. నెమ్మదిగా వెళ్ళి తొట్టి ముందు కుర్చీలో కూలబడ్డాడు. గాజు మీద మళ్ళీ గోధుమరంగు పట్టడం మొదలైంది. నాచుమొక్కలు అడ్డదిడ్డంగా తేలుతున్నాయి. మిగిలిన నియాన్లని చూసి ఆయన పెదవి బిగించాడు, అది గెర్లిండె చూసింది. ఫ్రిడోలిన్ మొద్దు పక్కన ఒరిగి పడున్నాడు, కదలిక లేదు.

ఆయన మూత మీద గోటితో రెండుసార్లు కొట్టాడు.

నీళ్ళలోంచి "టక్" మని చప్పుడొచ్చింది. మళ్ళీ "టక్". ఫ్రిడోలిన్ విసుగ్గా లేచి, ఒళ్ళు నిటారు చేసుకుని, మీసాలు ఆడిస్తూ గాజు దగ్గరికి వచ్చాడు.

"లేపావేమిట్రా అని తిడుతున్నాడు" అన్నాడు ఓట్‌మార్. అప్పుడు ఫిల్టర్లో కొత్త స్పాంజి ముక్క కనిపించి తల వంచి చూశాడు. "ఇది పైనున్న లెఫ్టేరిస్‌దా?"

"అతనే లేకపోతే ఇవాళ మీకు నా మొహం చూపించేదాన్ని కాదు."

ఓట్‌మార్ పొట్ట పట్టుకుని నవ్వాడు, తుంటి నొప్పికి మధ్యలో "అబ్బా" అంటూ. "అతను ఈ ఇంట్లో దిగిన కొత్తలో తొట్టి పెట్టుకుంటే చేపలన్నీ తేలిపోవడం మొదలెట్టాయి. ఏడుపుమొహంతో నా దగ్గరికి వచ్చాడు. నా స్పాంజి సగం కోసిచ్చాను. అందులోంచి పెరిగిందే అతని అడవంతా. మీరు ఉడికించింది నా మురికే, ఫ్రౌ హెబర్లె, మళ్ళీ తెచ్చి పోసిందీ నా మురికే."

"అతను నాకు ఒక్క మాట చెప్పలేదు!"

"చెప్తే ఆ చేటకి బదులు తీర్చుకున్న గొప్ప తనకి దక్కదని భయపడి ఉంటాడు."

గెర్లిండె కుర్చీ అంచున కూర్చుంది. ఇక దాచుకోవాల్సింది ఒక్కటే మిగిలింది, అదీ చెప్పేసింది. "మీ రుణం తీర్చుకుందామనుకున్నాను, హెర్ రాప్. గోట్‌లోబ్ అప్పుడు మీరు రోజూ కార్లో తీసుకెళ్ళారు కదా. ఇన్నేళ్ళూ దారి దొరకలేదు. దొరికిందనుకుంటే మీ కొంప ముంచబోయాను."

ఓట్‌మార్ చేప వంక చూశాడు. "నేను అటే పోతున్నానన్నది అబద్ధం" అన్నాడు. "అటు నాకు పనేమీ లేదు."

"తెలుసు."

"ఇంకోటి మీకు తెలీదు. అప్పటికి నేను రిటైరై ఎన్నాళ్ళో కాలేదు. సాయంత్రమైతే ఏం చెయ్యాలో తోచేది కాదు. తిరిగొచ్చేటప్పుడు మీరు పక్కన కూర్చుని డాక్టరు ఏమన్నాడో, గోట్‌లోబ్ ఏం తిన్నాడో చెప్తూ ఉండేవారు. ఒక మనిషి నాకు ఇంటి విషయాలు చెప్పడం జీవితంలో అదే మొదలు. ఆ రోజులు అయిపోయాక మీకు దణ్ణం పెట్టాలనుకున్నాను. దుఃఖంలో ఉన్న మనిషికి ఎలా చెప్పను? తీర్చుకోవాల్సిన రుణం ఏదైనా ఉంటే అది నా వైపే ఉందండీ."

గెర్లిండె ఆయన చేతి మీద చెయ్యి వేసింది. తొట్టిలో ఫ్రిడోలిన్ మరోసారి "టక్" మన్నాడు, మేత ఏదని.

"చిటికెడు" అన్నాడు ఓట్‌మార్.

"చిటికెడంటే చిటికెడే" అంది గెర్లిండె, లేచి డబ్బా అందుకుంటూ.

ఆ తర్వాతి వారం, శనివారం లెఫ్టేరిస్ పని నుంచి వచ్చేసరికి మెట్లన్నీ తుడిచి ఉన్నాయి. అతని గుమ్మం ముందు సిమెంటు పొడి ఆనవాలు కూడా లేదు, మూత పెట్టిన గిన్నెలో మౌల్‌టాషెన్ మాత్రం వెచ్చగా ఉన్నాయి. అప్పటికి గాని అతనికి ఆ వారం వంతు తనదన్న సంగతి గుర్తు రాలేదు. నాలిక కరుచుకుని పలక కోసం తన తలుపు చూశాడు, లేదు. కటకటాల మీంచి వంగి కిందికి చూశాడు. పలక ఇంకా గెర్లిండె తలుపు మీదే ఉంది.